అలాట్‌మెంట్ తాళం చేతికొచ్చింది: మొదటి ఏడాది కూరగాయలు ఎలా మొదలుపెట్టాలి

యూకేలో ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి, చివరికి అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్, అంటే స్థానిక సంస్థ, అద్దెకిచ్చే నేల) దక్కించుకున్న తెలుగువాళ్లంతా అడిగే ప్రశ్నలు రెండే. ఈ గడ్డిలో ఎక్కడ మొదలుపెట్టాలి? గోంగూర వస్తుందా? రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాం: వస్తుంది, కానీ మొదటి ఏడాది, బయటి నేలలో మాత్రం నమ్ముకోవద్దు. మొదటి ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

పూర్తి ప్లాటంటే పాత లెక్కలో 10 రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు. మన గజాల్లో 300 పైచిలుకు. ఇప్పుడు చాలా కౌన్సిళ్లు కొత్తవాళ్లకు అందులో సగమే ఇస్తున్నాయి. కిందివన్నీ ఇంగ్లండ్‌లో, గడ్డి, ముళ్లు పెరిగిపోయిన సగం ప్లాటు (150 గజాలు) చేతికొచ్చిందనుకుని రాసిన లెక్కలు. మీరు యార్క్‌షైర్‌కు పైన గానీ స్కాట్లాండ్‌లో గానీ ఉంటే వసంతకాలపు తేదీలన్నీ రెండు వారాలు ఆలస్యంగా లెక్కేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: మొదటి ఏడాది నాలుగో వంతు నేల మాత్రమే సాగు చేయండి, మిగతా మూడు వంతులూ కప్పేయండి. మొత్తం ఒకేసారి తవ్వినవాళ్లలో చాలామంది జూన్ కల్లా కలుపుతో ఓడిపోయి, ఆగస్టులో కౌన్సిల్ నోటీసు అందుకుని, మరుసటి ఏడాది తాళం తిరిగిచ్చేస్తారు. వాళ్లకు ఓపిక లేకపోవడం కాదు కారణం, తవ్విన నేలంతా నాటేంత నారు, నీళ్లు పోసేంత సమయం ఎవరికీ ఉండదు. ఖాళీగా వదిలిన మట్టిలో రెండు మూడు వారాల్లో కలుపు మొలుస్తుంది.

కావలసినవి

- డిగ్గింగ్ ఫోర్క్ (పళ్లున్న పార), స్పేడ్ (పార), హో (కలుపు గీకేది), రేక్, చిన్న ట్రోవెల్ (చేతి తాపీ లాంటిది), కొమ్మలు కత్తిరించే సెకటేర్స్. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఫోర్క్‌కు పెట్టండి, చవకవాటి పళ్లు బంకమట్టిలో వంగిపోతాయి.
- ముళ్లు దిగని లెదర్ చేతి తొడుగులు. టెటనస్ టీకాలు పూర్తయ్యాయో లేదో ఒకసారి చూసుకోండి.
- 10 లీటర్ల వాటరింగ్ క్యాన్లు రెండు. ఒక్కటే మోస్తే నడుము పడుతుంది.
- గోధుమరంగు అట్టపెట్టెలు, దొరికినన్ని. సైకిల్ షాపుల్లో, ఫ్రిజ్‌లు అమ్మే చోట పెద్దవి ఇస్తారు. టేపు, పిన్నులు పీకేయండి. మెరిసే రంగుల అట్టలు వద్దు.
- కప్పడానికి నల్లటి సైలేజ్ షీటు (మందపాటి ప్లాస్టిక్) లేదా మందపాటి నేత గుడ్డలాంటి వీడ్ మెంబ్రేన్. నీలం టార్పాలిన్ ఒక్క చలికాలానికే పీలికలై మట్టిలో కలిసిపోతుంది. పాత కార్పెట్లు వేయొద్దు, చాలా సైట్లలో నిషేధం.
- కంపోస్ట్. ఎంత కావాలో 4వ మెట్టులో లెక్క ఉంది.
- 2.4 మీటర్ల వెదురు కర్రలు ఓ 20, పురికొస, పక్షుల వల, చలికి కప్పే తెల్లటి ఫ్లీస్.

1. పార పట్టుకునే ముందు అగ్రిమెంట్ చదవండి

సంతకం చేసిన కాగితంలో ఈ నాలుగు వెతకండి: మంట వేయొచ్చా, హోస్‌పైపు వాడొచ్చా, షెడ్డుకు, పాలీటన్నెల్‌కు (మొక్కలకు ప్లాస్టిక్ కప్పిన పందిరి) అనుమతి కావాలా, ఎన్ని నెలల్లో ఎంత వంతు సాగులోకి తేవాలి. కప్పి ఉంచిన నేలను 'సాగు'గా లెక్కేస్తారా అని సైట్ సెక్రటరీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఇంకో మాట, 1922 నాటి అలాట్‌మెంట్స్ చట్టం ప్రకారం ఈ నేల ప్రధానంగా మీ కుటుంబం తినడానికి. పండింది అమ్ముకునే వ్యాపారం పెట్టకూడదు.

తర్వాత ప్లాటంతా నెమ్మదిగా నడిచి చూడండి. గాజు పెంకులు, తుప్పు తీగలు గడ్డి కింద ఉంటాయి. పాత షెడ్డు కప్పు బూడిదరంగు ముడతల సిమెంటు రేకైతే అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పగలగొట్టొద్దు, కదిలించొద్దు, కౌన్సిల్‌కు చెప్పండి. వెదురులా కణుపులున్న కాడ, డాలు ఆకారపు ఆకులు కనిపిస్తే జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు కావచ్చు. తవ్వకుండా వెంటనే ఫిర్యాదు చేయండి. మార్చి నుంచి ఆగస్టు దాకా కంచె పొదల్లో పక్షులు గూళ్లు పెడతాయి, ఆ నెలల్లో పొదలు నరకొద్దు.

2. ఏ కలుపో గుర్తుపట్టండి

చేయాల్సిన పని కలుపును బట్టి మారుతుంది. ఫోర్క్‌తో ఒక అడుగు లోతు గుంట తవ్వి వేర్లు చూడండి.

కౌచ్ గ్రాస్: తెల్లటి, గట్టి, మొన తేలిన వేర్లు అడ్డంగా పాకుతాయి. మన గరికతో పొలంలో అవస్థపడ్డవాళ్లకు దీని తీరు తెలుసు. బైండ్‌వీడ్: సేమ్యాలాంటి తెల్లటి వేర్లు, ముట్టుకుంటే విరుగుతాయి, ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. డాక్: ముల్లంగిలా నిలువు వేరు, పై 15 సెంటీమీటర్లు తీసేస్తే చాలు. బ్రాంబుల్: ముళ్ల తీగ, మొదట్లోని గడ్డ తవ్వేస్తే పోతుంది. హార్స్‌టెయిల్: నల్లటి సన్న వేర్లు మీటర్ల లోతుకు పోతాయి. తవ్వి తీయలేరు, కనిపించినప్పుడల్లా కోస్తూ బలహీనపరచడమే.

హెచ్చరిక: రోటవేటర్ (నేల దున్నే యంత్రం) అద్దెకు తెచ్చుకోవద్దు. ఆ సాయంత్రం నేల దున్నిన పొలంలా కనిపిస్తుంది. కౌచ్, బైండ్‌వీడ్ వేర్లను అది వందల ముక్కలు చేసి ప్లాటంతా చల్లుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో దీనంత ఖరీదైనది ఇంకోటి లేదు.

3. కోసి, కప్పండి

గడ్డిని నేలబారుగా కోయండి. కోసింది అక్కడే పరిచి దానిమీదే షీటు వేయండి. అంచులు 15 సెంటీమీటర్ల లోతు కాలువలో పూడ్చాలి. ఇటుకలు పెడితే చాలనుకుంటే మొదటి గాలివానకు షీటు పక్క ప్లాటులో ఉంటుంది. మామూలు గడ్డి ఒక వేసవికి చచ్చిపోతుంది. కౌచ్‌కు ఒక పూర్తి ఏడాది, బైండ్‌వీడ్‌కు రెండేళ్లు పట్టొచ్చు.

పని అయిందో లేదో ఇలా చూడండి: షీటు ఎత్తి వేరు లాగండి. గోధుమరంగుకు తిరిగి నలిగిపోతే చచ్చింది. తెల్లగా ఉండి టక్కున విరిగితే ఇంకా బతికే ఉంది, మళ్లీ కప్పేయండి.

4. నాలుగు మళ్లు వేయండి

తొలి సాగుకు నీళ్ల ట్యాంకుకు దగ్గరగా, ఎండ పడే చోటు ఎంచుకోండి. ఒక్కో మడి 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు. మధ్యలో 45 సెంటీమీటర్ల దారి. అంతకన్నా వెడల్పు చేస్తే మధ్యకు చెయ్యి అందక మడిలో కాలు పెడతారు, మట్టి అణిగిపోతుంది. చెక్క చట్రాలు అక్కర్లేదు. వాటి పగుళ్లలో స్లగ్గులు (గుల్ల లేని నత్తలు) కాపురం పెడతాయి.

మడి చేయడానికి రెండు దారులు.

మొదటిది, అట్టల పద్ధతి. గడ్డి కోసి, అట్టలు ఒకదానిమీద ఒకటి 15–20 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి, బాగా తడిపి, పైన 10 సెంటీమీటర్ల కంపోస్ట్. ఒక మడికి 1.2 × 3 × 0.1, అంటే 360 లీటర్లు, 50 లీటర్ల బస్తాలు ఏడుకు కాస్త పైన. నాలుగు మళ్లకు దాదాపు 1,450 లీటర్లు. బస్తాలకన్నా బల్క్ బ్యాగులు చవక, కాకపోతే లారీ సైట్ గేటులోంచి వస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, ఖర్చు చూసి కంపోస్ట్ మూడు నాలుగు సెంటీమీటర్లే వేయడం. అట్ట ఎండి లేచిపోతుంది, నారు వేర్లు పట్టవు.

రెండోది, తవ్వడం. కౌచ్ గ్రాస్ దట్టంగా ఉన్న మడికి ఇదే మేలు. స్పేడ్‌తో కాదు, ఫోర్క్‌తో మట్టిని వదులు చేసి వేర్లు చేత్తో ఏరాలి. గంటకు రెండు మూడు చదరపు మీటర్లకన్నా ఎక్కువ సాగితే వేర్లు వదిలేస్తున్నారని అర్థం. మట్టి బూట్లకు అంటుకునేంత తడిగా ఉన్న రోజు తవ్వొద్దు, ఆరాక ఇటుకల్లా గడ్డకడుతుంది.

మా సలహా: ఒక మడి తవ్వి బంగాళాదుంపకు, మూడు మళ్లు అట్టలతో.

5. మట్టి పరీక్ష, ఎరువు పరీక్ష

గుప్పెడు తడి మట్టి పిసికి చూడండి. రిబ్బనులా సాగితే బంకమట్టి, చేతిలో నిలవకుండా రాలితే ఇసుక నేల. మందు రెండింటికీ ఒకటే, పైన కంపోస్ట్ వేస్తూ పోవడం. పీహెచ్ (మట్టి ఆమ్లగుణం) కొలిచే కిట్ కొని చూడండి, 6.5 దగ్గర ఉంటే నిశ్చింత. 6 కన్నా తక్కువైతే క్యాబేజీ జాతికి క్లబ్‌రూట్ (వేర్లు ఉబ్బిపోయే తెగులు) భయం, చలికాలంలో సున్నం చల్లాలి. సున్నాన్ని, పశువుల ఎరువును ఒకేసారి వేయొద్దు, నత్రజని గాలిలో కలిసిపోతుంది.

గుర్రపుశాలలవాళ్లు ఎరువు ఉచితంగా ఇస్తారు. తీసుకోండి, కానీ పరీక్షించకుండా మళ్లలో వేయకండి. పచ్చికబయళ్ల మీద కొట్టే అమినోపైరలిడ్ అనే కలుపుమందు గడ్డిలోంచి, గుర్రం కడుపులోంచి, పేడలోంచి దాటి వచ్చి టమాటా, బీన్స్, బంగాళాదుంప ఆకుల్ని ముడిచేస్తుంది. పరీక్ష తేలిక: ఆ ఎరువు సగం, మామూలు కంపోస్ట్ సగం కలిపి మూడు కుండీల్లో, వట్టి కంపోస్ట్ ఇంకో మూడింట్లో బ్రాడ్ బీన్ గింజలు పెట్టండి. మొలిచాక మూడు వారాలు గమనించండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు గిన్నెలా ముడుచుకున్నా, ఫెర్న్‌లా సన్నగా మెలితిరిగినా ఆ కుప్పను ముట్టుకోవద్దు. బాగుంటే, బాగా మాగిన ఎరువునే వేయండి.

6. నాటడం: క్యాలెండర్‌కన్నా థర్మామీటర్‌ను నమ్మండి

ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాయగానే అన్నీ నాటేయడం మనవాళ్లందరూ చేసే తప్పు. దక్షిణ ఇంగ్లండ్‌లో కూడా మే సగం దాకా మంచు పడే అవకాశం ఉంది, మిడ్‌లాండ్స్‌లో మే చివరి దాకా. సాయిల్ థర్మామీటర్‌ను 10 సెంటీమీటర్ల లోతు దింపి ఉదయం తొమ్మిదికి చూడండి. వరసగా నాలుగు రోజులు 10 డిగ్రీలుంటే బీట్‌రూట్, ఆకుకూరలు. 12 దాటితే బీన్స్. 15 దాటాకే తోటకూర.

బంగాళాదుంప. 'ఫస్ట్ ఎర్లీ' (అన్నిటికన్నా ముందు చేతికొచ్చే) రకం సర్టిఫైడ్ విత్తన దుంపలు 2 కిలోలు తీసుకోండి, ఒక మడికి సరిపోతాయి. ఇండియన్ స్టోర్ దుంపలు నాటొద్దు, వైరస్‌లు నేలలోకి తెచ్చుకున్నట్టే. ఫిబ్రవరిలో కోడిగుడ్ల అట్టలో, వెలుతురున్న చల్లటి గదిలో మొలకెత్తనివ్వండి. మార్చి చివర నుంచి ఏప్రిల్ సగం లోపు 12 సెంటీమీటర్ల లోతులో, దుంపకు దుంపకు 30, వరసకు వరసకు 60 సెంటీమీటర్ల ఎడంగా పెట్టండి. మొక్క 20 సెంటీమీటర్లు లేవగానే సగం దాకా మట్టి ఎగదోయండి. ఎగదోయకపోతే ఎండ తగిలిన దుంపలు పచ్చబడతాయి, అవి విషం, తినకూడదు. మంచు పడుతుందన్న రాత్రి ఫ్లీస్ కప్పండి. 10–12 వారాలకు, పూత సమయంలో, చెయ్యి మట్టిలోకి పోనిచ్చి తడిమి చూడండి. కోడిగుడ్డంత ఉంటే తవ్వొచ్చు. ఎర్లీ రకమే ఎందుకంటే, వేసవి నడిమి నుంచి విజృంభించే బ్లైట్ తెగులు వచ్చేలోపు దుంప ఇంటికొచ్చేస్తుంది. పైగా జులైకల్లా మడి ఖాళీ అయి మెంతికూరకు చోటిస్తుంది.

ఉల్లి. గింజలు కాకుండా చిన్న ఉల్లిగడ్డలు (సెట్లు) మార్చి–ఏప్రిల్‌లో 10 సెంటీమీటర్లకొకటి, కొన మాత్రమే పైకి కనిపించేలా. పక్షులు పీకి పడేస్తాయి, రెండు వారాలు వల కప్పండి.

రన్నర్ బీన్స్. చిక్కుడుకాయ కూర తినేవాళ్లకు ఇక్కడి నేల ఇచ్చే వరం ఇదే. రెండు వరసల వెదురు కర్రలు 60 సెంటీమీటర్ల ఎడంలో పాతి, పైన కలిపి గట్టిగా కట్టండి. ఆగస్టులో ఈ పందిరి తడిసి బరువెక్కి గాలికి పడిపోతుంటుంది, అడ్డకర్ర తప్పనిసరి. మే చివర్లో ఒక్కో కర్ర మొదట్లో రెండు గింజలు, 5 సెంటీమీటర్ల లోతు. కాయలు 15–20 సెంటీమీటర్లప్పుడే, రెండు మూడు రోజులకోసారి కోయాలి. ముదరనిస్తే పీచు తేలుతుంది, మొక్క కాపు ఆపేస్తుంది. పచ్చివి తినొద్దు, ఉడికించాల్సిందే.

కోర్జెట్ (జుకినీ). ఒక మొక్క చాలు, కుటుంబం పెద్దదైతే రెండు. మొక్కకు 90 సెంటీమీటర్ల చోటివ్వండి. ప్యాకెట్‌లోని గింజలన్నీ పెట్టేసి ఆగస్టులో ఇరుగుపొరుగుకు పంచలేక అవస్థపడటం ప్రతి సైట్‌లోనూ కనిపిస్తుంది.

7. మన కూరలు: ఏవి వస్తాయి, ఏవి రావు

పాలకూర: 'పర్పెచువల్ స్పినాచ్' అని రాసిన ప్యాకెట్ కొనండి. ఇది నిజానికి బీట్‌రూట్ జాతి, మన పాలకూరా అదే జాతి, అందుకే పప్పులో రుచి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మామూలు స్పినాచ్ వేరే మొక్క, జూన్‌లో పూతకు లేచిపోతుంది. ఏప్రిల్ నుంచి జులై దాకా 2 సెంటీమీటర్ల లోతులో విత్తుకోవచ్చు. చుట్టూ ఆకులు కోసుకుంటూ పోతే చలికాలం దాకా వస్తుంది.

మెంతికూర, కొత్తిమీర: నేరుగా మడిలోనే విత్తాలి, నారు పీకి నాటితే పూతకొచ్చేస్తుంది. ధనియాలను నలిపి రెండు బద్దలు చేయండి. జూన్, జులైలో పగళ్లు మరీ పొడవు, కొత్తిమీర నిలవదు. ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఎక్కువగా వేసుకోండి.

తోటకూర: మే మొదట్లో ఇంట్లో ట్రేలో మొలకెత్తించి, జూన్ సగంలో బయట నాటి, పది రోజులు ఫ్లీస్ కప్పండి. మంచి వేసవైతే రెండు మూడు కోతలు ఇస్తుంది.

గోంగూర, బెండ, వంకాయ: గ్రీన్‌హౌస్ గానీ పాలీటన్నెల్ గానీ ఉంటేనే. గోంగూర గింజ మొలవడానికి 20–25 డిగ్రీలు కావాలి. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర కుండీలో మొదలుపెట్టి, రాత్రులు వెచ్చబడేదాకా లోపలే ఉంచండి. బయట పెట్టినది చావదు, పెరగదు, పసుపెక్కి నిలబడుతుంది. అంతదాకా పుల్లటి పప్పు కావాలంటే సారెల్ వేసుకోండి. చుక్కకూరకు దగ్గరి బంధువు, చలికి తట్టుకుంటుంది, ఒకసారి నాటితే ఏళ్లపాటు ఉంటుంది.

మిరప: ఫిబ్రవరిలో ఇంట్లో విత్తాలి. ఏప్రిల్‌లో విత్తినవాళ్లకు అక్టోబరులో పచ్చి కాయలే మిగులుతాయి.

టమాటా బయట పెట్టేటట్టయితే 'క్రిమ్సన్ క్రష్' లాంటి బ్లైట్‌ను తట్టుకునే రకాన్నే ఎంచుకోండి.

ఊరినుంచి వచ్చేటప్పుడు అమ్మ మూటగట్టి ఇచ్చే విత్తనాల గురించి: నాటే విత్తనాలు బయటి దేశాల నుంచి తేవాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం) ఉండాలి. సామానులో పెట్టుకుని తేవద్దు. మన రకాలు ఇక్కడి విత్తన కంపెనీల దగ్గరే దొరుకుతున్నాయి.

8. నీళ్లు

రోజూ పైపైన చిలకరించడంకన్నా వారానికి ఒకటి రెండుసార్లు, చదరపు మీటరుకు 10 లీటర్ల లెక్కన మొక్కల మొదళ్లలో పోయడం మేలు. పోసిన అరగంటకు ట్రోవెల్‌తో చిన్న గుంట తీయండి. 10 సెంటీమీటర్ల లోతున తడి లేకపోతే మీరు తడిపింది ఆకుల్ని మాత్రమే. చాలా సైట్లలో చలికాలం నీటి సరఫరా ఆపేస్తారు, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి.

9. తినిపోయేవాళ్లు

నిన్న ఉన్న నారు ఇవాళ లేదంటే స్లగ్గులు. రాత్రి పదికి టార్చి పట్టుకుని చూస్తే తెలుస్తుంది. వేలెడు మొలకల్ని నాటొద్దు, కుండీలో 10 సెంటీమీటర్లకు పైగా పెంచి నాటండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. స్లగ్గుల మందు గుళికలు వేస్తే ఫెరిక్ ఫాస్ఫేట్‌వే వేయండి. పాత షెడ్డులో మెటాల్డిహైడ్ (పాతరకం స్లగ్గుల మందు) డబ్బా దొరికినా వాడకూడదు, గ్రేట్ బ్రిటన్‌లో బయట దాని వాడకం 2022 నుంచి నిషేధం.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద పావురాలు, తెల్ల సీతాకోకచిలుకలు రెండూ వాలతాయి. 7 మిల్లీమీటర్ల కన్నున్న వలను కర్రల మీద ఎత్తుగా కట్టండి. ఆకులకు తగిలితే సీతాకోకచిలుక వల మీదే కూర్చుని గుడ్లు పెడుతుంది. బ్రాడ్ బీన్స్ కొసల్లో నల్ల పేను కనిపిస్తే, తొలి కాయలు పడగానే కొసలు తుంచేయండి.

బంగాళాదుంప, టమాటా ఆకుల మీద గోధుమరంగు మచ్చలు రెండు రోజుల్లో పెద్దవై కాడలకు పాకితే అది బ్లైట్. దుంప మొక్కల్ని నేలబారుగా కోసి తీసేసి, రెండు వారాలాగి తవ్వండి. ఆ చెత్తను కంపోస్ట్ కుప్పలో వేయొద్దు. వండిన అన్నం, కూర మిగిలినవీ అందులో వేయొద్దు, ఎలుకలొస్తాయి.

10. వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున

నెలకోసారి ఆదివారమంతా కష్టపడటం పనికిరాదు. ఎండగా ఉన్న రోజు హో తీసుకుని, కలుపు కంటికి కనబడీ కనబడనట్టున్నప్పుడే మట్టిపై పొరను గీకండి, మధ్యాహ్నానికి ఎండిపోతుంది. అట్టల అంచుల్లో బైండ్‌వీడ్ తొంగిచూస్తే వెంటనే లాగండి. మడి ఖాళీ అయితే ఆ వారంలోనే మెంతులో, బీట్‌రూటో చల్లండి.

11. అక్టోబరు పని

కప్పిన భాగంలో ఒక పట్టీ తెరిచి 3వ మెట్టులో చెప్పినట్టు వేర్లు చూడండి. చచ్చినంతమేర రెండో నాలుగు మళ్లకు అట్టలు పరచండి, చలికాలం వానలు వాటిని తడిపి పెడతాయి. కొత్త మడిలో తొలి పంటగా అక్టోబరు–నవంబరుల్లో వెల్లుల్లి పెట్టొచ్చు. సూపర్‌మార్కెట్‌ది చాలామట్టుకు వేడి దేశాల రకం, ఇక్కడి చలికి సరిగా ఊరకపోవచ్చు. నాటడానికని అమ్మే గడ్డలు కొనండి. పాయలు విడదీసి, మొన పైకుండేలా, 15 సెంటీమీటర్లకొకటి, 3 సెంటీమీటర్ల మట్టి కింద. నవంబరులో పక్కనే 'ఆక్వాడుల్చే క్లాడియా' బ్రాడ్ బీన్స్ ఒక వరస పెట్టుకుంటే జూన్‌లో తొలి కోత అదే. వారం తర్వాత వచ్చి చూడండి, పక్షులు పీకిన పాయలుంటే వేలితో మళ్లీ లోపలికి నొక్కండి.